వీరాయమ్మ గారి చేతికి ధ్రువపత్రం

కొత్తపేట,
తూర్పు గోదావరి జిల్లా,
తేది: 2 జూలై 2008.

ధనరేఖ ఆన్‌లైన్ షేర్ల కంపెనీ, హైదరాబాదు ప్రాంతీయ కార్యాలయము, ఫిర్యాదుల విభాగపు అధికారి గారి సముఖమునకు, కొబ్బరి కొట్టు గుమాస్తా సలాది సుబ్రహ్మణ్యేశ్వరరావు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: ఖాతాదారు శ్రీమతి వీరాయమ్మ గారి చెయ్యి మంచిదేననియు, ఆమె ఖాతాలో వచ్చిన నష్టమునకు కారణము ఆమె చెయ్యి కాదనియు, తమ గుండ్రని సీలు వేసి ధ్రువపత్రము ఇప్పించుట గురించి.

సూచిక: "ఖాతాదారు సంతకము లేదు" అని తమరు తిప్పి పంపిన నా మొదటి అర్జీ.

పై విషయమై తమకు సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. కొత్తపేటలో మా షావుకారు రాజేంద్రప్రసాద్ గారి కొబ్బరి కొట్టులో నేను ఇరవై ఏళ్ళుగా గుమాస్తాను. రైతుల తోటల్లో దింపు తీసిన కాయలు మా కొట్టుకు వచ్చును. వాటిని రాశులు పోసి, లెక్క పెట్టి, లారీలకు ఎత్తుదుము. రోజూ పొద్దున రాశిలోంచి మొదటి కాయ తీసి ఇవతల పెట్టే మనిషి సదరు వీరాయమ్మ గారు. దీనిని మేము బోణీ అంటాము. బోణీ కానిదే మా కొట్టులో ఎవరూ కాయ ముట్టుకోరు. ఆవిడ భర్త సింహాద్రి చెట్లెక్కి దింపు తీస్తాడు. ఆవిడ చెయ్యి మంచిదని మా చుట్టుపక్కల అందరి నమ్మకము. ఆకుమడిలో తొలి గుప్పెడు విత్తనము, కొత్త దుకాణములో తొలి బేరము, పసిబిడ్డకు తొలి అన్నం ముద్ద, వీటన్నిటికీ ఆవిడకే కబురు వెళ్ళును. ఇందుకు ఆవిడ డబ్బు పుచ్చుకోరు. కొబ్బరికాయ ఒకటి చేతిలో పెట్టుట ఆనవాయితీ.

హైదరాబాదులో ఉన్న తమకు ఇది నవ్వులాటగా తోచవచ్చును. కాని తమ కార్యాలయము తెరిచిన రోజున తమరు కూడా కొబ్బరికాయ కొట్టియే ఉందురు. ఆ కాయ మా వైపు నుండి వచ్చినదే అయి ఉండును.

ఊళ్ళో ఆవిడను నేను "వీరాయమ్మా" అనే పిలుస్తాను. ఈ అర్జీలో "గారు" అని వ్రాయుచున్నాను. ఈ మర్యాద నాకు ఆలస్యముగా వచ్చినది.

2. కిందటి ఏడు దసరాకు ముందు తమ ఏజెంటు నాగసతీష్ మా కొట్టుకు వచ్చినాడు. మండే ఎండలో, పీచు ధూళిలో, మెడకు టై బిగించుకుని వచ్చినాడు. కంప్యూటరు మీద ఇంటి పట్టున షేర్లు కొనవచ్చును, అమ్మవచ్చును, బొంబాయి వెళ్ళనక్కర లేదు అని చెప్పినాడు. మాటల కంటే టై మీదే అందరి చూపూ ఉన్నది. పదిమంది కలిసి తలా పదివేలు, మొత్తము లక్ష రూపాయలు వేయుటకు ఒప్పుకొన్నారు. అందులో నేనూ ఉన్నాను. అయితే ఆన్‌లైన్ కంపెనీలు ఇంకా ఉన్నవని ఎవరో అనగా, షావుకారు గారు నన్ను పిలిచి, "సుబ్రమణ్యం, నీకు నాలుగు ఇంగ్లీషు ముక్కలొచ్చు. కాయ చూసినట్టు చూడవయ్యా. ఏది మంచిదో నువ్వే తేల్చు," అన్నారు.

ఇంటరు తప్పిన నాకు అంత గౌరవము అంతకు ముందు ఎవరూ ఇవ్వలేదు. వారము రోజులు పక్క ఊరి నెట్ సెంటరులో కూర్చుని రెండు కంపెనీలను పక్కపక్కన పెట్టి చూసితిని. తమ కంపెనీలో ఖాతా తెరుచుటకు ఏడు వందల యాభై, ఏటా నిర్వహణకు మూడు వందలు, కొన్నా అమ్మినా నూటికి అర్ధ రూపాయి. ఆర్డరు ఎంత చిన్నదైనా కనీస రుసుము ఇరవై ఐదు రూపాయలు. రెండవ కంపెనీలో ఖాతాకు ఐదు వందలు, నూటికి ముప్పై పైసలు, కనీస రుసుము అసలు లేదు. ఇక్కడితో లెక్క ఆపి ఉంటే ఈ అర్జీ ఉండేది కాదు.

కాని రెండవ కంపెనీకి ఫోను చేస్తే హిందీలో పాట వచ్చును, పాట అయిన తరువాత హిందీలో మనిషి వచ్చును. వారి మనిషి కొత్తపేట రాడు. వారి తెర మీద ధరలు వాటంతట అవి కదలవు, మనమే మళ్ళీ మళ్ళీ నొక్కవలెను. ఆ నెట్ సెంటరులో ఒక్కొక్కసారి నొక్కి ఒక్కొక్క టీ తాగి రావచ్చును. తమ తెర మీద ధరలు ఎర్రగా, పచ్చగా, దీపాల్లాగ వాటంతట అవే మారును. సెల్లుకు రోజూ సలహాలు వచ్చును. తెలుగులో మాట్లాడే మనిషి ఉండును, ఆ మనిషికి టై ఉండును. చవక కంపెనీ పీచెక్కువ కాయ లాంటిదని, చూడ్డానికి పెద్దదే గాని లోపల కొబ్బరి ఉండదని కొట్టులో అందరి ఎదుటా నేను చెప్పితిని. నా మాట మీద తమ కంపెనీ ఖాయమైనది.

3. ఖాతా ఎవరి పేరున అనే ప్రశ్న వచ్చినప్పుడు ఎవరూ పెద్దగా ఆలోచించలేదు. కొత్త వ్యాపారము గనుక వీరాయమ్మ గారి పేరునే అన్నారు. పదిమంది డబ్బు ఒకరి పేరున పెట్టరాదని నిబంధన ఉన్నదట. అప్పుడు తమ ఏజెంటు చెప్పలేదు, నేను అడగలేదు. ఆవిడకు పాన్ కార్డు తీయించితిమి. ఫారముల మీద పెన్సిలుతో గుర్తు పెట్టిన చోటల్లా ఆవిడ కూడబలుక్కుంటూ సంతకాలు పెట్టినారు. ఏమిటని అడగలేదు. ఆవిడ ఈ వ్యాపారములో పైసా పెట్టలేదు, పైసా వాటా లేదు. చెయ్యి మాత్రమే ఆవిడది.

దసరా వెళ్ళిన తరువాత రోజూ షేర్ల బజారు తెరిచే వేళకు, కొట్టులో బోణీ అయిన తరువాత, ఆవిడ బస్సెక్కి నెట్ సెంటరుకు వచ్చేవారు. కాళ్ళూ చేతులూ కడుక్కుని, మౌసుకు పసుపు రాసి, కళ్ళు మూసుకునేవారు. నేను బాణం గుర్తును తీసుకువెళ్ళి "కొను" అనే చోట పెట్టేవాడిని. ఆవిడ నొక్కేవారు. తరువాత ఆ కంప్యూటరు ముందు కూర్చున్న కాలేజీ కుర్రాళ్ళందరికీ వేళ్ళు పచ్చగా అయ్యేవి.

బోణీ చిన్నదిగా ఉండవలెను. పెద్ద బేరముతో రోజు మొదలుపెట్టుట మా వ్యాపారములో లేదు. కాబట్టి రోజూ పొద్దున చవకది చూసి ఒకే ఒక్క షేరు కొనేవాళ్ళము. నలభై రూపాయల షేరు ఒకటి, దాని మీద తమ కనీస రుసుము ఇరవై ఐదు రూపాయలు. దేశములో ఇంకెక్కడా ఎవరూ ఇలా కొని ఉండరు. తమ కంప్యూటరుకైనా అనుమానం రావలసినది, రాలేదు. నాకు అనుమానం కాదు, సంగతే తెలుసును. కనీస రుసుము గురించి నేను చదివితిని, కొట్టులో చెప్పునప్పుడు దానిని దాటేసితిని.

మొదట్లో ధరలు పెరిగినవి. ఆవిడ చెయ్యి బొంబాయి దాకా పనిచేసినదని షావుకారు గారు ఆవిడకు చీర పెట్టినారు.

4. (ఈ అంశము మొదటి అర్జీలో లేదు.) తమ కంపెనీ ఖాతాదారును తెచ్చిన వారికి పరిచయకర్త అని పేరు పెట్టి, ఖాతాలో వసూలైన ప్రతి వంద రూపాయల రుసుములో పదిహేను రూపాయలు ఇచ్చును. రెండవ కంపెనీ ఇవ్వదు. వీరాయమ్మ గారి ఖాతాకు పరిచయకర్తను నేను. టైయు, ఎర్ర పచ్చ ధరలును, తెలుగులో మాట్లాడే మనిషియు నాకు నిజముగానే నచ్చినవి. కాని ఆ పదిహేను రూపాయలు లేకపోయినా అంత గట్టిగా నచ్చేవా అని నన్ను నేను అడుగుకుంటే, నచ్చేవి కావు అనే తోచుచున్నది.

కొబ్బరి వ్యాపారములో దళారీ ఒక వైపే పుచ్చుకోవాలి. రైతు వైపైనా సరే, షావుకారు వైపైనా సరే. రెండు వైపులా పుచ్చుకున్నాడని తెలిసిన మనిషిని మర్నాటి నుంచి ఏ కొట్టు అరుగూ ఎక్కనివ్వరు. ఇది నేనే కొత్తగా చేరిన కుర్రాళ్ళకు చెప్పే పాఠము.

ఇంతటితో ఆగలేదు. బోణీ ఒక్కటి నొక్కి ఆవిడ లేవబోతే, చెయ్యి వాటంగా ఉన్నప్పుడే ఇంకో రెండు నొక్కమనేవాడిని. పదిమందికీ నచ్చచెప్పి ఈ వారం కొన్నది వచ్చే వారం అమ్మించేవాడిని. బస్సు వేళ దాటిపోతోందని ఆవిడ అంటే, ఇంకొక్కటే అనేవాడిని. కొన్ని రోజులు బోణీకి ఇవ్వవలసిన కాయ కూడా రేపిస్తానని ఎగ్గొట్టితిని. ఇలా నాకు వచ్చినది మొత్తము రెండున్నర వేలు. దానితో ఇంట్లో పిండి రుబ్బుకునే గ్రైండరు కొన్నాను. షావుకారు గారు బోనసు ఇచ్చినారని మా ఆవిడ రమణికి చెప్పితిని. అది తిరిగే చప్పుడు వినలేక పొద్దున్నే ఇంట్లోంచి బయట పడుచున్నాను. ఇడ్లీ ఎందుకు మానేసేరని రమణి అడుగుచున్నది.

5. జనవరిలో ధరలు ఎలా పడినవో తమకు నేను చెప్పనక్కర లేదు. ఫిబ్రవరిలో అమ్మేయగా లక్షలో ముప్పై ఒక్క వేలు పోయినవి. అందులో పన్నెండు వేలు బజారు తిన్నది. పంతొమ్మిది వేలు తమ రుసుములు, వాటి మీది పన్నులు. పదిమందీ కొట్టులో కూర్చున్నారు. ఇదేమిటయ్యా ఇలాగైంది అని షావుకారు గారు నన్నే అడిగినారు. కోపముగా కాదు, మామూలుగానే అడిగినారు. నాకు పంతొమ్మిది వేల సంగతి తెలుసును. ఎలా చెప్పాలా అని గొంతు సవరించుకుంటూ ఉండగా, ఎరువుల కొట్టు శ్రీనివాసరావు గారు అన్నారు.

"ఆవిడ చెయ్యి తిరగబడిందేమోనండి."

అందరూ నా వైపు చూసినారు. లెక్క తెలిసిన వాడిని నేనే గనుక.

"ఆయ్. కావొచ్చండి," అన్నాను.

అయ్యా, నేను చేసిన నేరము ఇదే. రెండున్నర వేలు కాదు. ఆ మాట బయటికి వచ్చిన వెంటనే నాకు గుండెల మీంచి బరువు దిగినట్టు హాయిగా అనిపించినది. ఆ హాయి తలుచుకుంటే ఇప్పుడు అన్నం సయించుట లేదు.

6. మర్నాటి నుండి బోణీకి ఆవిడను పిలవలేదు. షావుకారు గారు తానే మొదటి కాయ తీయుచున్నారు. ఉగాదికి బజారులో ఒకరు కొత్త బట్టల దుకాణము తెరిచినారు. అలవాటు కొద్దీ ఆవిడ వెళ్ళినారు. ఆవిడ వచ్చుట చూసి లోపలివారు షట్టరు సగము దించి, ఆవిడ వెళ్ళిపోయిన తరువాత మళ్ళీ ఎత్తినారు. ఎదురుగా నిలబడి నేను చూసితిని. జూన్‌లో ఆకుమళ్ళకు తొలి గుప్పెడు వేయుటకు వేరే ఊరి నుండి ఎవరినో తెచ్చుకొన్నారు.

ఇవన్నీ ఊరివారు చేసినవి. ఆవిడ చేసినది ఇంతకంటే ఘోరము. ఆవిడ నమ్మినారు. కుడి చెయ్యి ఎప్పుడూ పమిట కొంగులో చుట్టుకుని నడుచుచున్నారు. మనవడి అన్నప్రాశన నాడు మొదటి ముద్ద పెట్టమని కోడలే బతిమాలినా పెట్టక, దొడ్లోకి వెళ్ళి కూర్చున్నారట. పెళ్ళయిన నాటి నుంచి సింహాద్రి చెట్లెక్కే కత్తి పొద్దున్నే ఆవిడ చేతి మీదుగా పుచ్చుకుని బయలుదేరేవాడు. ఇప్పుడు ఆవిడ కత్తి అరుగు మీద పెట్టి ఇంట్లోకి వెళ్ళిపోతున్నారు. సింహాద్రి నాతో ఒక మాట అన్నాడు. "ముప్పై ఏళ్ళు ఎక్కేనండి బాబూ, ఎప్పుడూ కిందకి చూడలేదు. ఇప్పుడు చూత్తన్నానండి." వినలేదన్నట్టు నేను కాయలు లెక్క పెట్టుకొంటిని.

7. నువ్వే నోరు విప్పి చెప్పవచ్చును గదా, మధ్యలో మా సీలు ఎందుకు అని తమరు అడుగవచ్చును. సబబైన ప్రశ్న. చెబుదామని రెండుసార్లు షావుకారు గారి దాకా వెళ్ళి, ఒకసారి లారీ బాడుగ గురించి, ఒకసారి వాన గురించి మాట్లాడి వచ్చితిని. చెప్పితే నాలుగవ అంశము కూడా చెప్పవలెను. ఉద్యోగము పోవును, ఈ వయసులో ఇంకొక అరుగు దొరకదు. అందుచేత నా పేరు రాకుండా ఆవిడ పేరు నిలబడే దారి ఏదైనా ఉన్నదా అని వెతుక్కుని తమ దగ్గరకు వచ్చితిని. ఇది పిరికితనమని నాకు తెలుసును. తెలిసే వ్రాయుచున్నాను.

కావున తమరు దయచేసి:

క) నష్టములో రుసుముల పాలు ఎంతో, బజారు పాలు ఎంతో విడదీసి, ఖాతాదారు చేతికి దీనితో సంబంధము లేదని తెలుగులో, పెద్ద అక్షరాలతో, సీలు వేసి పంపవలెను. చదవలేని వారికి కూడా సీలు కనపడవలెను.

చ) వీలైతే ఆ కాగితమును టై కట్టుకున్న మనిషి చేత పంపవలెను. మావారు టై చూసి నమ్మినారు గనుక, టై చెప్పితేనే మళ్ళీ నమ్ముదురు. నాగసతీష్ వద్దు, ఆయన ఫోను ఎత్తుట లేదు.

ట) నిర్వహణ రుసుము మూడు వందలు బాకీ అని ఆవిడ పేరున తమరు పంపిన నోటీసు రద్దు చేసి, ఖాతా మూసివేయవలెను. ఆ నోటీసు చూసి ఆవిడ, తన చెయ్యి ఇంకా ఎవరికో నష్టము చేయుచున్నదని భయపడినారు.

త) నాకు ఇచ్చిన రెండున్నర వేలు వెనక్కు తీసుకొనవలెను. ఎలా పంపవలెనో తెలుపగలరు. గ్రైండరు రూపములో కూడా ఇవ్వగలను.

నా తప్పును తప్పుగానే చూసి, ఆవిడ విషయములో మాత్రము దయతో చిత్తగించవలెను.

తమ వద్ద పుచ్చుకొన్న మేరకు తమకును, ఆవిడ చేతి మీద పుచ్చుకొన్నందుకు ఆవిడకును,
విధేయుడు,
సలాది సుబ్రహ్మణ్యేశ్వరరావు.

ఖాతాదారు సంతకము:

తా.క. పైన సంతకము చోటు ఖాళీగా ఉన్నది, కారణము మనవి చేయుచున్నాను. ఈ సాయంత్రము కాగితము పట్టుకుని వీరాయమ్మ గారి ఇంటికి వెళ్ళితిని. ఖాతా మూయుటకు అని ఒక్క ముక్క చెప్పి, చదవకుండా సంతకము పెట్టించుకుని వచ్చేద్దామనే వెళ్ళితిని. ఆవిడ పెన్ను పుచ్చుకోలేదు.

"ఏం రాసేరో చదవండి బాబుగారూ. కిందటిసారి చదవకుండా పెట్టేను," అన్నారు.

చదివేను. నాలుగవ అంశము దగ్గర నాకు ఇంగ్లీషు మాటలు ఎక్కువ పడినవి. అయిదవది దగ్గర నేల చూస్తూ చదివేను. సింహాద్రి అరుగు మీద కత్తి నూరుకుంటూ మధ్యలో ఆగిపోయేడు. నన్ను తిడతారనుకున్నాను. ఆవిడ చాలాసేపు తన కుడి అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నారు. తరువాత మెల్లిగా అడిగేరు, ఈ కాగితం మీద తన చెయ్యి పడితే పని చెడిపోదు కదా అని. అంతా విన్న తరువాత కూడా అలాగే అడిగేరు. నేనన్న ఒక్క మాట నా కాగితం కంటే ఎంత బలంగా పనిచేసిందో అప్పుడు తెలిసింది నాకు.

సింహాద్రి నా మొహం చూడకుండా చెప్పేడు. "హైదరాబాదోళ్ళు అన్లేదు కదండీ ఆ మాట. కొట్టులో అన్నారు. కొట్టులో చదవండి, అప్పుడు పెడుద్ది సంతకం."

రేపు బోణీ వేళకు కొట్టులో చదువుతాను. సంతకము లేకుండా ఈ అర్జీ తమకు చేరినచో, నేను మళ్ళీ వాన గురించి మాట్లాడి వచ్చేసేనని గ్రహించి దీనిని చింపివేయవలెను.

మళ్ళీ తా.క. చదివేను. రాశి ముందర, లారీ వాళ్ళు కూడా ఉండగా చదివేను. నాలుగవ అంశము దగ్గర ఆగి కాగితం మడవబోయేను. పూర్తి చెయ్యమన్నారు షావుకారు గారు. పూర్తి చేసేను. తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళవయ్యా అన్నారాయన. పెట్టి వచ్చి రోడ్డవతల నిలబడ్డాను.

లారీ ఆగి ఉంది, కాయ ఎవరూ ముట్టుకోలేదు. కాసేపటికి షావుకారు గారే స్కూటరు తీసుకుని వీరాయమ్మ గారి ఇంటికి వెళ్ళేరు. ఆవిడ స్కూటరు ఎక్కలేదట. ఆయన బండి నడిపించుకుంటూ, పక్కన ఆవిడ నడుస్తూ వచ్చేరు. రాశి దగ్గర ఆవిడ చాలాసేపు నిలబడ్డారు. తరువాత కొంగులోంచి చెయ్యి బయటికి తీసి మొదటి కాయ తీసి ఇవతల పెట్టేరు. ఆ వెంటనే కొట్టులో ఎప్పటి గోల మొదలైంది.

కాబట్టి అయ్యా, సీలు పంపినా పంపకపోయినా తమ ఇష్టం. టై కట్టుకున్న మనిషి రానక్కర లేదు. ఖాతా మాత్రం మూసివేయవలెను. డబ్బు మనియార్డరు చేస్తాను.

తిరిగి వెళ్ళేటప్పుడు ఆవిడ రోడ్డు దాటి నా దగ్గరకు వచ్చి, కాగితం అడిగి పుచ్చుకుని, ఖాళీగా ఉన్న చోట కూడబలుక్కుంటూ సంతకం పెట్టేరు. పెన్ను తిరిగి ఇస్తూ అన్నారు.

"ఎక్కడైనా పన్లో చేరే రోజున పొద్దున్నే కబురెట్టండి బాబుగారూ. వచ్చి బోణీ చేసి ఎల్తాను. పాత కాయలు కూడా బాకీ ఉన్నారు, అయి మర్చిపోకండి."

ఆయ్ అన్నాను.